రన్ నొక్కేముందు జవాబు రాసుకోండి

మీ రెజ్యూమెలో ‘సాఫ్ట్‌వేర్ స్కిల్స్’ అనే వరుస ఒకటి ఉంటుంది. ఈఈఈ చదివినవారైతే అక్కడ మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్, పీఎస్‌క్యాడ్, ఈటాప్... ఇలా నాలుగైదు పేర్లు కనిపిస్తాయి. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునే నాలాంటివాళ్ల చూపు ముందు పడేది ఆ వరుస మీదే. అందులో ఒక పేరు పట్టుకుని నేను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది.

“6.6 కేవీ మోటారు. 200 మీటర్ల కేబుల్. అవతలి చివర వ్యాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్. మోటారు స్టార్ట్ అవుతుండగా బ్రేకర్ ట్రిప్ అయింది. మోటారు టెర్మినల్ దగ్గర వోల్టేజ్ ఎంతవరకు లేస్తుంది?”

ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే. “సిమ్యులేట్ చేసి చెప్పాలి సర్.” తప్పేం లేదు. “సరే, చేయండి. టైమ్ స్టెప్ ఎంత పెడతారు?” అంటాను. అక్కడ ఆగిపోతారు. కొందరు ధైర్యం చేసి “డిఫాల్ట్ పెడతాను సర్” అంటారు. ఉద్యోగం చేజారేది సరిగ్గా ఆ మాట దగ్గరే.

ఎందుకో ఈ వ్యాసంలో చెప్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. సాఫ్ట్‌వేర్ ఎవరికైనా ఒక జవాబు ఇస్తుంది. ఆ జవాబు నమ్మదగిందో కాదో చెప్పగలిగిన మనిషి కోసమే కంపెనీ జీతం ఇస్తుంది. బటన్లు ఎక్కడున్నాయో నేర్చుకుని, లెక్క నేర్చుకోకుండా ఇంటర్వ్యూకి వస్తే మీరు ఆ మనిషి కాలేరు.

నేను చేసిన తప్పు

ఇది ఎవరో చేసిన తప్పుగా చెప్తే సుఖంగా ఉండేది. కానీ చేసింది నేనే.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది. ఒక ఫ్యాక్టరీలో కొత్తగా 6.6 కేవీ మోటార్లు పెడుతున్నారు. ఒక్కోటి 500 కిలోవాట్లు. వాటికి సర్జ్ సప్రెసర్లు కావాలా, వద్దా అని తేల్చే స్టడీ మా ఆఫీసుకు వచ్చింది. నా చేతికి ఏటీపీ అనే ప్రోగ్రామ్ ఇచ్చారు. బ్రేకర్, కేబుల్, మోటారు అన్నీ పెట్టి మోడల్ గీశాను. కేబుల్‌కు అల ప్రయాణించే మోడల్ పెట్టి, పాత ఫైల్లో ఉన్న టైమ్ స్టెప్ అలాగే ఉంచి రన్ కొట్టాను. ప్రోగ్రామ్ ఆగిపోయింది. కేబుల్‌లో అల ప్రయాణించే కాలం టైమ్ స్టెప్ కన్నా తక్కువగా ఉంది, ఇలా కుదరదు అని దాని గోల.

అది హెచ్చరిక. నేను దాన్ని అడ్డంకి అనుకున్నా. కేబుల్ మోడల్ తీసేసి దాని స్థానంలో పై సెక్షన్ పెట్టాను. అంటే ఒక ఇండక్టర్, రెండు కెపాసిటర్లు. ఎర్రర్ పోయింది. నున్నగా, అందంగా గ్రాఫ్ వచ్చింది. పీక్ 6 కేవీకి కాస్త పైన. మోటారు ఇన్సులేషన్ తట్టుకునేది 30 కేవీ పైమాటే కదా, ఇంకేం భయం అనుకుని ‘సప్రెసర్లు అవసరం లేదు’ అని రిపోర్టు రాశాను. పైవాళ్లు సంతకం పెట్టారు. ఫ్యాక్టరీవాళ్లకు ఖర్చు మిగిలింది.

ఏడాది తిరక్కుండానే ఒక మోటారు వైండింగ్ పోయింది. విప్పి చూస్తే లైన్ వైపు మొదటి కాయిల్‌లో, చుట్టుకీ చుట్టుకీ మధ్య ఇన్సులేషన్ కాలిపోయి ఉంది. దానికి కారణం ఇదేనని ఎవరూ రుజువు చేయలేదు. నన్నెవరూ ఏమీ అనలేదు కూడా. కానీ నేను లెక్కించకుండా వదిలేసింది సరిగ్గా ఆ కాయిల్ మీద పడే వోల్టేజ్‌నే. ఆ సంగతి నాకు తెలుసు.

మా సీనియర్ నన్ను పిలిచి కూర్చోబెట్టారు. “బాబూ, కంప్యూటర్ కట్టెయ్. కాగితం తీసుకో” అన్నారు. ఆ తర్వాత అరగంటలో నేర్చుకున్నదే ఇవాళ మీకు చెప్పబోతున్నాను.

కాగితం మీద మొదటి లెక్క

ముందు ఒక మాట. స్టార్ట్ అవుతున్న మోటారును ఆపడమే ఎందుకు ప్రమాదం? నడుస్తున్న మోటారు లోపల బ్యాక్ ఈఎంఎఫ్ ఉంటుంది. బ్రేకర్ తెరుచుకున్నా రెండు వైపులా వోల్టేజ్ దాదాపు సమానంగా ఉంటుంది కాబట్టి కాంటాక్టుల మధ్య పెద్ద తేడా రాదు. ఆగి ఉన్న రోటర్‌కు ఆ బ్యాక్ ఈఎంఎఫ్ ఉండదు. పైగా అప్పుడు పవర్ ఫ్యాక్టర్ చాలా తక్కువ. అంటే కరెంటు సున్నా అయ్యే సమయానికి సప్లై వోల్టేజ్ ఇంచుమించు పీక్‌లో ఉంటుంది.

ఇప్పుడు అంకెలు. 6.6 కేవీ సిస్టమ్‌లో ఫేజ్‌కూ భూమికీ మధ్య పీక్ వోల్టేజ్ సుమారు 5.4 కేవీ. మన 500 కిలోవాట్ల మోటారు ఫుల్ లోడ్ కరెంటు 55 ఆంపియర్లు అనుకుందాం. స్టార్టింగ్‌లో దానికి ఆరు రెట్లు, 330 ఆంపియర్లు. దాన్నిబట్టి ఫేజ్‌కు ఇండక్టెన్స్ సుమారు 37 మిల్లీహెన్రీలు. 200 మీటర్ల కేబుల్ కెపాసిటెన్స్, కిలోమీటరుకు 0.3 మైక్రోఫారడ్ చొప్పున, 0.06 మైక్రోఫారడ్.

వ్యాక్యూమ్ బ్రేకర్ కరెంటును సరిగ్గా సున్నా దగ్గర ఆపదు. సున్నాకు కాస్త ముందే, కొన్ని ఆంపియర్లు ఉండగానే తెంచేస్తుంది. దీన్నే కరెంట్ చాపింగ్ అంటారు. 4 ఆంపియర్ల దగ్గర తెగిందనుకోండి. ఆ క్షణంలో ఇండక్టెన్స్‌లో ఉన్న శక్తి ఎక్కడికి పోవాలి? కెపాసిటెన్స్‌లోకి పోతుంది. ఇండక్టెన్స్‌ను కెపాసిటెన్స్‌తో భాగించి వర్గమూలం తీస్తే 780 ఓమ్‌ల పైచిలుకు వస్తుంది. దాన్ని 4తో గుణిస్తే 3.1 కేవీ. అప్పటికే ఉన్న 5.4 కేవీతో దీన్ని కలపాలి. శక్తులు కలుస్తాయి కాబట్టి రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. వచ్చేది 6.2 కేవీ.

నా అందమైన గ్రాఫ్ చూపించిన అంకె ఇదే! అంటే సాఫ్ట్‌వేర్ అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చింది. తప్పు ప్రశ్న అడిగింది నేను.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది

కరెంటు తెగాక మోటారు వైపు వోల్టేజ్ సెకనుకు సుమారు 3,400 సార్లు ఊగడం మొదలుపెడుతుంది. సప్లై వైపు వోల్టేజ్ మాత్రం ఆ కాసేపట్లో ఇంచుమించు కదలదు, 5.4 కేవీ దగ్గరే ఉంటుంది. మోటారు వైపు అటు చివరికి, మైనస్ 6.2 కేవీకి వెళ్లినప్పుడు కాంటాక్టుల మధ్య తేడా 11.6 కేవీ. ఇదంతా జరిగేది 0.15 మిల్లీసెకండ్లలో. అంతలో కాంటాక్టులు ఎంత దూరం జరిగి ఉంటాయి? వెంట్రుకవాసి. అంత చిన్న సందు అంత వోల్టేజ్‌ను ఆపలేకపోవచ్చు. అప్పుడు స్పార్క్ కొట్టి కరెంటు మళ్లీ అంటుకుంటుంది. దీని పేరు రీఇగ్నిషన్.

స్పార్క్ పడిన క్షణాన 11.6 కేవీ తేడా ఒక్కసారిగా కూలిపోతుంది. బస్‌బార్ మీద ఇంకా చాలా కేబుళ్లు ఉంటే ఆ తేడా దాదాపు మొత్తం మన మోటారు కేబుల్‌లోకి నిటారు గోడలాంటి అలగా బయలుదేరుతుంది. కేబుల్ సర్జ్ ఇంపీడెన్స్ 40 ఓమ్‌లు, మోటారుది 1000 ఓమ్‌లు అనుకోండి. అల మోటారు దగ్గరకు వచ్చి గోడకు కొట్టిన బంతిలా వెనక్కి మళ్లుతుంది. వచ్చిన అల, మళ్లిన అల కలిసి టెర్మినల్ దగ్గర 1.92 రెట్లు అవుతుంది. 11.6ను 1.92తో గుణించండి. 22 కేవీ.

ఇళ్లలో ఫుల్‌గా తిప్పిన కుళాయిని ఒక్కసారి కట్టేస్తే పైపు ‘ఠక్’మని కొట్టుకోవడం చూసే ఉంటారు. అదే ఇక్కడా జరుగుతోంది. ఫ్రెంచ్ ఇంజినీర్ బెర్జెరాన్ నీటి పైపుల్లో ఆ దెబ్బను లెక్కించడానికి వాడిన పద్ధతే తర్వాత కరెంటు లైన్లకూ పనికొచ్చింది. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లలో కేబుల్ మోడల్ వెనక ఉన్నది ఆ ఆలోచనే.

ఇప్పుడు ఆ 22 కేవీని దేనితో పోల్చాలి? ఇక్కడే రెండో మెలిక. ఐఈసీ 60034-15 ప్రమాణం ప్రకారం ఇలాంటి మోటారు నమూనా కాయిల్‌కు రెండు ఇంపల్స్ పరీక్షలు ఉంటాయి. మామూలు ఇంపల్స్‌కు సూత్రం: రేటెడ్ వోల్టేజ్‌కు నాలుగు రెట్లు, దానికి 5 కేవీ కలపాలి. మనకు 31.4 కేవీ. కానీ 0.2 మైక్రోసెకండ్లలో లేచే నిటారు అలకు అందులో 65 శాతమే. అంటే 20.4 కేవీ. అల ఎంత నిటారుగా ఉంటే వోల్టేజ్ అంతగా మొదటి కాయిల్ మీదే పడుతుంది. వైండింగ్ మొత్తానికీ పంచుకునే తీరిక దానికి ఉండదు.

22 ఎక్కువా, 20.4 ఎక్కువా? ‘సప్రెసర్లు అవసరం లేదు’ అన్న నా వాక్యం ఆ ఒక్క పోలికతో కూలిపోయింది. పైగా ఇది ఒకే ఫేజ్‌తో వేసిన తొలి అంచనా. మూడు ఫేజుల ప్రభావం కలిపితే కాంటాక్టుల మధ్య తేడా ఇంకా పెరుగుతుంది. వ్యాక్యూమ్ బ్రేకర్ హై ఫ్రీక్వెన్సీ కరెంటును కూడా చక్కగా తెంచగలదు కాబట్టి స్పార్క్ ఆరడం, వోల్టేజ్ మళ్లీ లేవడం, మళ్లీ స్పార్క్... ఇలా పదే పదే జరగొచ్చు. వ్యాక్యూమ్ బ్రేకర్ చెడ్డదని కాదు. అది తన పని మరీ బాగా చేస్తుంది. అదే ఇక్కడ చిక్కు.

మరి సాఫ్ట్‌వేర్ ఎందుకు?

“కాగితం మీదే తేలిపోతే సాఫ్ట్‌వేర్ దేనికి సర్?” అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న.

చేతి లెక్క ఒక్క రీఇగ్నిషన్ వరకే. అసలు బ్రేకర్‌లో కాంటాక్టులు ఏ క్షణంలో విడిపోతాయో ఎవరూ చెప్పలేరు. ఆ క్షణం మారితే పీక్ మారుతుంది. అందుకే క్షణాన్ని మారుస్తూ వందలసార్లు రన్ చేసి, పీక్‌లన్నీ ఎలా పరుచుకున్నాయో చూడాలి. కాంటాక్టులు దూరం జరిగేకొద్దీ సందు బలం ఎలా పెరుగుతుందో, ఎంత వేగంగా పడిపోతున్న కరెంటును అది తెంచగలదో కూడా మోడల్‌లో చెప్పాలి. సప్రెసర్‌లో రెసిస్టర్, కెపాసిటర్ విలువలు ఎంత ఉండాలో, దాన్ని బ్రేకర్ దగ్గర పెట్టాలో, మోటారు దగ్గర పెట్టాలో సరిపోల్చాలి. ఇవన్నీ చేత్తో చేస్తే ఏళ్లు పడుతుంది. ఇక్కడ సాఫ్ట్‌వేర్‌ను మించింది లేదు.

ఈ రకం సాఫ్ట్‌వేర్లకు ఆది పురుషుడు హెర్మన్ డోమెల్. అమెరికాలోని బోనవిల్ పవర్ అడ్మినిస్ట్రేషన్‌లో పనిచేస్తూ 1969లో ఆయన ప్రచురించిన పద్ధతి నుంచే ఈఎంటీపీ వచ్చింది. ఏటీపీ దాని వారసత్వంలోదే. కెనడాలోని మానిటోబా నుంచి వచ్చిన పీఎస్‌క్యాడ్‌దీ అదే దారి. వాటన్నిటి ప్రాణం ఒక్కటే: కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ముక్క ముక్కకూ సర్క్యూట్‌ను పరిష్కరించడం. ఆ ముక్క పొడవే టైమ్ స్టెప్.

ఇప్పుడు నా మొదటి ప్రశ్నకు రండి. సిమ్యులేషన్ ఫైళ్లలో తరచూ కనిపించే టైమ్ స్టెప్ 50 మైక్రోసెకండ్లు. 50 హెర్ట్జ్ వేవ్ చూడటానికి అది చక్కగా సరిపోతుంది. కానీ కేబుల్‌లో అల వేగం మైక్రోసెకండుకు సుమారు 150 మీటర్లు. మన 200 మీటర్లు దాటడానికి పట్టేది 1.33 మైక్రోసెకండ్లు. 50 మైక్రోసెకండ్లకు ఒకసారి కన్ను తెరిచేవాడికి ఆ అల కనిపిస్తుందా? రెండు రెప్పపాట్ల మధ్య అది పదిహేనుసార్లకు పైగా అటూ ఇటూ తిరిగి వస్తుంది. 0.2 మైక్రోసెకండ్లలో లేచే అలను చూడాలంటే స్టెప్ అందులో పదో వంతు, అంటే 0.02 మైక్రోసెకండ్లు లేదా ఇంకా తక్కువ ఉండాలి. డిఫాల్ట్ కంటే 2,500 రెట్లు చిన్నది.

“డిఫాల్ట్ పెడతాను సర్” అన్న అబ్బాయికి సబ్జెక్టు రాదని నేను అనడం లేదు. తాను దేన్ని వెతుకుతున్నాడో తెలియకుండా వెతుకుతున్నాడని అంటున్నాను. అతని గ్రాఫ్ ‘ప్రమాదం లేదు’ అనే చెప్తుంది. ఇరవై ఏళ్ల కిందట నాది చెప్పినట్టే.

కంపెనీలే టూల్స్ అడుగుతున్నాయి కదా?

నిజమే. ఉద్యోగ ప్రకటనల్లో సాఫ్ట్‌వేర్ పేర్లు ఉంటాయి. ఆ పేరు మీ రెజ్యూమెలో లేకపోతే హెచ్‌ఆర్ దగ్గరే ఆగిపోవచ్చు. ఈ విషయంలో తప్పు మీది కాదు. టూల్ నేర్చుకోవద్దని నేను చెప్పను. పేరు మిమ్మల్ని గుమ్మం దాకా తీసుకొస్తుంది. గుమ్మం దాటాక మాట్లాడాల్సింది మీరు.

కాలేజీలదీ కొంత తప్పుంది. చాలాచోట్ల సిమ్యులేషన్ ల్యాబ్ అంటే రికార్డులో ఉన్న సర్క్యూట్ గీయడం, రన్ కొట్టడం, వేవ్‌ఫామ్ ప్రింట్ అంటించడం. ‘ఎంత వస్తుందనుకుంటున్నావు?’ అని అడిగేవారు ఉండరు. ట్రావెలింగ్ వేవ్స్ పాఠం మాత్రం సిలబస్‌లో ఉంటుంది. ల్యాటిస్ డయాగ్రమ్ మీద పరీక్షలో లెక్క వస్తుంది, చేస్తారు, మర్చిపోతారు. ఆ లెక్కకూ ల్యాబ్‌లోని ఆ వేవ్‌ఫామ్‌కూ సంబంధం ఉందని ఎవరూ కలిపి చూపించరు. ఆ పని మీరే చేసుకోవాలి.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. కోర్ ఎలక్ట్రికల్‌లో మొదటి జీతం ఐటీతో పోలిస్తే చాలాసార్లు తక్కువే. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలూ తక్కువే. మీ ఇంట్లో “అన్నయ్య ఐటీలో చేరాడు, నువ్వూ కోచింగ్ తీసుకో” అంటే వాళ్ల మాట తీసిపారేయలేం. కానీ ఈ పని తెలిసినవాళ్లు తక్కువ. థర్మల్ స్టేషన్లలో బాయిలర్ ఫీడ్ పంపులకు, ఫ్యాన్లకు 6.6, 11 కేవీ మోటార్లుంటాయి. స్టీల్, సిమెంట్ ఫ్యాక్టరీల్లో, రిఫైనరీల్లో, ఎత్తిపోతల పథకాల్లో హై వోల్టేజ్ మోటార్లు లేనిదే పని నడవదు. వాటికి స్విచ్‌గేర్ చేసే కంపెనీలు, డ్రైవ్‌లు చేసే కంపెనీలు, పవర్ సిస్టమ్ స్టడీలు చేసే కన్సల్టెన్సీలు, టెస్టింగ్ ల్యాబ్‌లు ఉన్నాయి. హైదరాబాద్‌లోనే సీపీఆర్ఐకి అల్ట్రా హై వోల్టేజ్ ప్రయోగశాల ఉంది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఉంది. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పను. ఇంటర్వ్యూ దాకా వస్తే గుంపులో కలిసిపోరని మాత్రం చెప్పగలను.

సెలవుల్లో చేయదగ్గ ప్రాజెక్టు

డబ్బు కట్టాల్సిన కోర్సు అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, ఒక కంప్యూటర్ చాలు. ఇలా చేయండి.

ఒకటి: పుస్తకం తెరవండి. ఎం.ఎస్.నాయుడు, వి.కామరాజు రాసిన ‘హై వోల్టేజ్ ఇంజినీరింగ్’ చాలా కాలేజీ లైబ్రరీల్లో దొరుకుతుంది. ఓవర్‌వోల్టేజ్‌ల అధ్యాయంలో ట్రావెలింగ్ వేవ్స్ చదవండి.

రెండు: పైన చెప్పిన కేబుల్, మోటారుకు చేత్తో ల్యాటిస్ డయాగ్రమ్ గీయండి. సోర్సు ఇంపీడెన్స్ సున్నా అనుకోండి. 1 వోల్టు స్టెప్ పంపితే మోటారు దగ్గర 1.33 మైక్రోసెకండ్లకు 1.92 వోల్టులు, 4 మైక్రోసెకండ్లకు 0.15, 6.67 మైక్రోసెకండ్లకు 1.79 రావాలి. ఈ మూడు అంకెలు ఎలా వచ్చాయో మీ పక్కవాడికి చెప్పగలిగేదాకా వదలొద్దు.

మూడు: ఇప్పుడు సాఫ్ట్‌వేర్. ఎల్‌టీస్పైస్ ఉచితం. అందులో ట్రాన్స్‌మిషన్ లైన్ ఎలిమెంట్ ఉంది. ఏటీపీ కూడా డబ్బు లేకుండానే వస్తుంది, కాకపోతే లైసెన్స్ ఒప్పందానికి దరఖాస్తు చేసుకోవాలి. పైథాన్ వస్తే మీరే రాసుకోవచ్చు. రన్ నొక్కేముందు, వస్తుందనుకున్న అంకెను నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి. తర్వాత నొక్కండి. పై మూడు అంకెలు గ్రాఫ్‌లో కనిపించకపోతే మోడల్‌లో ఏదో తప్పుంది. వెతకండి. నేర్చుకోవడమంటే ఆ వెతుకులాటే.

నాలుగు: కావాలని చెడగొట్టండి. టైమ్ స్టెప్ పెంచుకుంటూ పోండి. అల ఎక్కడ మాయమవుతుందో చూడండి. కేబుల్‌ను పై సెక్షన్‌గా మార్చి, నా పాత తప్పు మీరూ ఒకసారి చేయండి. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి ప్రింట్ తీసుకోండి.

ఐదు: మోటారు దగ్గర రెసిస్టర్, కెపాసిటర్ సిరీస్‌లో పెట్టండి. రెసిస్టర్‌ను కేబుల్ సర్జ్ ఇంపీడెన్స్‌కు దగ్గరగా, 40 ఓమ్‌లతో మొదలుపెట్టండి. కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్. మళ్లిపోయే అల ఎంత తగ్గిందో చూడండి. ఎందుకు తగ్గిందో ఒక్క వాక్యంలో రాయండి.

ఆరు: మొత్తం రెండు పేజీల రిపోర్టు చేయండి. మొదటి పేజీలో మీరు ‘అనుకున్నవి’ అన్నీ రాయండి. ఏ విలువ కొలిచింది, ఏది ఊహించింది, దేన్ని వదిలేశారు. రెండో పేజీలో ఫలితం. ఆ మొదటి పేజీ రాయగలిగిన ఫ్రెషర్‌ను నేను వదులుకోను.

మన బోరుబావిలోనూ ఇదే లెక్క

6.6 కేవీ మోటారు మీరు చూసి ఉండకపోవచ్చు. ఊళ్లో బోరు మోటారు చూశారుగా? సోలార్ పంపుల్లో ఏసీ మోటారు ఉంటే దాన్ని నడిపేది ఇన్వర్టర్. పరిశ్రమల్లో వీఎఫ్‌డీ చేసే పనీ అదే. లోపల ఐజీబీటీ స్విచ్‌లు సెకనుకు వేలసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఒక్కో స్విచింగ్‌కూ ఒక నిటారు అల కేబుల్‌లోకి దిగుతుంది.

415 వోల్టుల డ్రైవ్ తీసుకోండి. డీసీ బస్ సుమారు 587 వోల్టులు. స్విచ్ 0.1 మైక్రోసెకండులో మారితే, అల కేబుల్ చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చేలోపు పెరుగుదల పూర్తయ్యే పొడవు ఎంత? 150ని 0.1తో గుణించి సగం చేయండి. 7.5 మీటర్లు. కేబుల్ అంతకంటే పొడవుంటే మోటారు దగ్గర వోల్టేజ్ దాదాపు రెట్టింపు, అంటే 1,170 వోల్టుల దాకా పోవచ్చు. అనంతపురం వైపు బోర్లు ఎంత లోతో మీకు తెలుసు. 330 అడుగుల్లో మోటారు దించినా కేబుల్ 100 మీటర్లు. ఇన్వర్టర్లతో నడిచే మోటార్ల ఇన్సులేషన్ కోసం ఐఈసీ 60034-18-41 అని వేరే ప్రమాణమే ఉంది. అవుట్‌పుట్ చోక్, డీవీ బై డీటీ ఫిల్టర్ అమ్మేది కూడా ఇందుకే.

డ్రైవ్ పెట్టాక మోటారు పదే పదే కాలుతోందంటే సాధారణంగా మెకానిక్‌నో, వోల్టేజ్‌నో తిట్టుకుంటారు. అసలు కారణం చాలా ఉండొచ్చు. కానీ కేబుల్ పొడవు ఎంత అని అడిగేవాడు ఒకడైనా ఉండాలి. ఆ ఒకడు మీరే ఎందుకు కాకూడదు? మీ ఊళ్లోని ఒక పంపును తీసుకుని, కేబుల్ పొడవు కనుక్కుని, ఈ లెక్క వేసి ప్రాజెక్టుగా పెట్టండి. కొన్న ప్రాజెక్టు కన్నా ఇంటర్వ్యూలో పది రెట్లు మాట్లాడించే విషయం అది.

చివరిగా

రేపు సాఫ్ట్‌వేర్లు ఇంకా తెలివిమీరతాయి. మోడల్ అదే గీస్తుంది, రిపోర్టూ అదే రాస్తుంది. అప్పుడు బటన్ నొక్కేవాడి అవసరం తగ్గుతుంది. ‘ఈ అంకె తేడాగా ఉంది, ఆగండి’ అనేవాడి అవసరం పెరుగుతుంది.

మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికే వెళ్దాం. “వోల్టేజ్ ఎంతవరకు లేస్తుంది?” ఇకమీద ఎవరైనా అడిగితే ఇలా చెప్పండి. “తొలి అంచనా 22 కేవీ సర్. చాపింగ్ ఒక్కటే చూస్తే 6 కేవీ, కానీ రీఇగ్నిషన్ వస్తే అల మోటారు దగ్గర దాదాపు రెట్టింపవుతుంది. ఖచ్చితంగా తేల్చాలంటే 0.02 మైక్రోసెకండ్ల స్టెప్‌తో, కాంటాక్టులు విడిపోయే క్షణం మారుస్తూ కొన్ని వందల రన్‌లు చేయాలి.” అంకె కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు. ఆ జవాబు విన్నాక బోర్డులో కూర్చున్నవాళ్లు మీ రెజ్యూమె పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

నాకు ఆ లెక్క నేర్పడానికి ఒక మోటారు కాలిపోవాల్సి వచ్చింది. మీకు ఒక నోట్‌బుక్ చాలు.